యూనివర్సిటీలో ఫ్రెంచ్: మొదటి వారం నుంచి మెమ్వార్ (పరిశోధనా వ్యాసం) దాకా

ఫ్రెంచ్ డిగ్రీలో మొదటి ఏడాది భాష నేర్పుతారు, పరీక్షల్లోనూ భాషే అడుగుతారు. రెండో ఏడాది నుంచి లెక్క మారుతుంది. ఒక పేజీ ఇచ్చి, దాని మీద ఫ్రెంచ్‌వాళ్ళ పద్ధతిలో వాదన కట్టమంటారు. గలగలా మాట్లాడేవాళ్ళు కూడా బోల్తా పడేది ఇక్కడే. భాష రాక కాదు, పద్ధతి తెలియక. అందుకని ఈ మార్గదర్శిలో రాతకు ఎక్కువ చోటిచ్చాం. మిగతావి దానికి చేర్చే మెట్లు.

లిపి గురించి ఒక మాట. ముక్కుతో పలికే ఫ్రెంచ్ అచ్చులకు ఇక్కడ అరసున్న (ఁ) వాడాం. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

1. చేరేముందు సిలబస్‌లో ఏం చూడాలి

కోర్సు పేరు చూసి నిర్ణయించుకోవద్దు, పేపర్ల జాబితా తెప్పించుకోండి. సాహిత్యం పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెబుతారా, అనువాదాల్లో చెబుతారా? వారానికి రాత తరగతులు ఎన్ని గంటలు? ఫ్రాన్స్ బయటి ఫ్రెంచ్ రచయితలకు ప్రత్యేక పేపర్ ఉందా? ఒక సెమిస్టర్ విదేశంలో చదివే ఏర్పాటు ఉందా? మొదటి ప్రశ్నకు ‘అనువాదాల్లో’ అని జవాబొస్తే బాగా ఆలోచించుకోండి. మూడేళ్ళ తర్వాత చేతికి పట్టా వస్తుంది గానీ ఫ్రెంచ్ రాదు.

ఫ్రాన్స్‌లోనే చదవాలనుకుంటే శాఖల పేర్లు తికమక పెడతాయి. ‘లెత్ర్ మోదెర్న్’ అంటే ఫ్రెంచ్ సాహిత్యం. అందులో ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవాలి. ‘ఎల్ఈఏ’ శాఖలో రెండు విదేశీ భాషలు వ్యాపార, న్యాయ విషయాలతో కలిపి చదువుతారు. అక్కడ ఫ్రెంచ్ విదేశీ భాష కాదు కదా, కాబట్టి ఫ్రెంచ్ నేర్చుకోవడానికి ఆ శాఖకు వెళ్తే పొరపాటే. ‘ఎఫ్ఎల్ఈ’ అంటే విదేశీయులకు ఫ్రెంచ్ నేర్పే విద్య. విదేశీ విద్యార్థుల కోసం యూనివర్సిటీల్లో ఉండే భాషా కేంద్రాలు ‘డీయూఈఎఫ్’ డిప్లొమా ఇస్తాయి. అది ఆ యూనివర్సిటీ సొంత డిప్లొమా. ‘లిసాఁస్’ (మూడేళ్ళ డిగ్రీ) లాంటి జాతీయ పట్టాతో సమానం కాదు. ఈ తేడా తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్ళున్నారు.

2. గంటల లెక్క

యూరప్ కొలమానంలో భాషా స్థాయిలు ఆరు: ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2. సున్నా నుంచి బి2 చేరడానికి తరగతి గంటలే సుమారు 560 నుంచి 650 పడతాయని అంచనా. సొంతంగా చేసే సాధన దీనికి అదనం. ఫ్రాన్స్‌లో లిసాఁస్‌కు ఆరు సెమిస్టర్లలో 180 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 30. యూరప్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. తరగతిలో కూర్చున్నది, ఇంట్లో చదివింది, పరీక్ష రాసింది అన్నీ కలిపి. అంటే సెమిస్టర్‌కు 750 గంటలకు తక్కువ కాదు. టైమ్‌టేబుల్ ఖాళీగా కనిపిస్తే మురిసిపోవద్దు. ఆ ఖాళీలు చదవడానికి వదిలినవి.

3. మొదటి ఆరు వారాలు: నోరు, చెవి

ఉచ్చారణ తర్వాత సరిదిద్దుకోవచ్చులే అనుకుంటే అది ఎప్పటికీ సరికాదు. పైగా నోటికి రాని ధ్వని చెవికీ అందదు. వినికిడి పరీక్షలో మార్కులు పోయేది అందుకే.

ముందు శుభవార్త. ఫ్రెంచ్‌వాళ్ళ ‘త’, ‘ద’లు పళ్ళకు నాలుక ఆనించి పలికేవి, అచ్చం మన త, దల్లాగే. ‘ప’, ‘క’లలో ఊపిరి విసురు ఉండదు, మన ప, కల్లాగే. ఇంగ్లీషు వాళ్ళు వీటికోసం నెలల తరబడి తంటాలు పడతారు. మనం చెడగొట్టుకునేదల్లా ఇంగ్లీషు మీదుగా వెళ్ళి ‘ట’, ‘డ’ పలకడమే. ‘తాబ్ల్’ అనండి, ‘టేబుల్’ అనకండి. చివర ‘ఉ’ తగిలించి ‘తాబ్లు’ అసలే అనకండి. మాటను అచ్చుతో ముగించే అలవాటు మనది, ఫ్రెంచ్‌లో అది వెంటనే వినబడిపోతుంది.

ఇక కష్టమైనవి. తెలుగులో లేని ఒక అచ్చుకు కిటుకు ఇది: ‘ఈ’ అని సాగదీసి పలకండి. నాలుక కదపకుండా పెదవులు మాత్రం ‘ఊ’కు చుట్టినట్టు చుట్టండి. గొంతు ఆపొద్దు. అప్పుడు బయటికొచ్చేదే ఆ అచ్చు. రోజుకు ఐదు నిమిషాలు, అద్దం ముందు, రెండు వారాలు. ఎందుకింత పట్టింపు అంటే, ‘దెసు’ అనే మాటలో చివర ఈ అచ్చు పలికితే ‘పైన’ అని అర్థం, మామూలు ‘ఉ’ పలికితే ‘కింద’ అని. ఇదే పద్ధతిలో ‘ఏ’ అంటూ పెదవుల్ని ‘ఓ’కు చుడితే ‘రెండు’ అనే మాటలోని అచ్చు వస్తుంది. అది పట్టుబడకపోతే రెండు గంటల రైలు పన్నెండు గంటల రైలులా వినబడుతుంది. రెండింటికీ ఆ అచ్చులోనే తేడా.

ముక్కు అచ్చులకు అరసున్న ఎందుకంటే, పాతకాలపు తెలుగులో అది ముక్కుతో పలికే అచ్చుకు గుర్తు. నిండు సున్న పలికితే తప్పు, అరసున్న పలకాలి. ‘బోఁ’ అంటే మంచి, ‘బాఁ’ అంటే బల్ల, ‘బెఁ’ అంటే స్నానం. మూడింటిలోనూ చివర ‘న్’ గానీ ‘మ్’ గానీ వినపడకూడదు. పెదవులు మూసుకోకూడదు, నాలుక పైకి తగలకూడదు. ‘బోఁ’ని ‘బొన్’ అంటే పుంలింగం కాస్తా స్త్రీలింగం అయిపోతుంది.

మాటలు కలిసే చోట మన సంధుల్లాంటి ‘లియేజోఁ’ ఉంది. ‘లే’, ‘ఆమీ’ కలిసి ‘లెజామీ’ (స్నేహితులు) అవుతాయి. కానీ ‘ఏరో’ (వీరుడు) ముందు కలవదు, ‘లె ఏరో’ అని విడిగా పలకాలి. కలిపేస్తే వీరులు సున్నాలు అవుతారు. ‘మరియు’ అనే అర్థంలో వచ్చే ‘ఏ’ తర్వాత ఎప్పుడూ కలపకూడదు. ఈ రెండు నియమాలు ముందు పట్టండి, మిగతావి వినగా వినగా వస్తాయి.

వినడానికి ఆర్ఎఫ్ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో చదివే పది నిమిషాల వార్తలు మంచివి. ముందు రాత చూడకుండా రెండుసార్లు వినండి. తర్వాత ఒక నిమిషం భాగం తీసుకుని విన్నది విన్నట్టు రాయండి. చివర్లో రాతప్రతితో పోల్చండి. తప్పినచోట మాట తెలియక తప్పారా, తెలిసిన మాటే కలిసిపోయి వినబడక తప్పారా అని పక్కన గుర్తు పెట్టండి. ఏడాది పొడుగునా ఆ రెండో రకమే ఎక్కువుంటే మీ లోపం పదజాలంలో లేదు, లియేజోఁలో ఉంది.

4. వ్యాకరణంలో ముందు పట్టాల్సినవి

ఫ్రెంచ్‌లో కుర్చీకీ కిటికీకీ కూడా లింగం ఉంటుంది. నామవాచకాన్ని ఒంటరిగా రాసుకోవద్దు, ముందు ‘ఎఁ’ (పుంలింగం) లేదా ‘యూన్’ (స్త్రీలింగం) పెట్టి రాసుకోండి. చివరి ధ్వని చాలావరకు దారి చూపిస్తుంది. ‘-సియోఁ’తో ముగిసేవి స్త్రీలింగం. ‘-మాఁ’, ‘-ఇస్మ్’లతో ముగిసేవి పుంలింగం. ‘-ఆజ్’ మామూలుగా పుంలింగమే గానీ ‘ఇమాజ్’, ‘పాజ్’, ‘ప్లాజ్’ స్త్రీలింగాలు. ‘ప్రొబ్లెమ్’ పుంలింగం, దాదాపు అందరూ తప్పేది ఇదే.

భూతకాలాలు రెండూ మనకు ఇంగ్లీషు మీదుగా కంటే తెలుగు మీదుగా తేలిక. ‘వెళ్ళాను’ అంటే పాసె కోఁపోజే. ‘వెళ్ళేవాణ్ణి’, ‘వెళ్తూ ఉండేవాణ్ణి’ అంటే ఎఁపార్ఫే. ఈ జత మనసులో పెట్టుకుంటే ముప్పావు వంతు వాక్యాలు సరిగ్గా వస్తాయి. దెబ్బతినేది ‘ఉంది’ దగ్గర. ‘నిన్న చలిగా ఉంది, తొందరగా ఇంటికొచ్చేశాను’ అంటాం. మన ‘ఉంది’ నిన్నకూ ఇవాళకూ ఒక్కటే. దాన్నే ఫ్రెంచ్‌లో వర్తమానంలో రాస్తే దిద్దేవాళ్ళు గీత పెడతారు. నిన్నటి వర్ణన అయితే ఎఁపార్ఫే తప్పదు.

నువ్వు, మీరు తేడా మనకు పుట్టుకతో వచ్చిందే, ‘తు’, ‘వూ’ అంతే. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాస్తే ‘వూ’ తప్పనిసరి. వారే ‘తు’ అనమంటే తప్ప మారొద్దు.

సుబ్జోఁక్తిఫ్‌ను (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) చూసి బెదిరిపోతారు గానీ పరీక్షలో దాన్ని పిలిచే మాటలు పదీ పన్నెండే. వాటిని వాక్యాలుగా బట్టీ పట్టడమే దగ్గర దారి.

5. చదవడం: ఒక పేజీ గట్టిగా, పది పేజీలు వదులుగా

ప్రతి మాటకూ నిఘంటువు తీస్తే ఇరవయ్యో పేజీ దగ్గర నవల మూతపడుతుంది. అసలు తీయకపోతే ఏమీ మిగలదు. రోజూ ఒక పేజీని ఎంచుకుని గట్టిగా చదవండి: మొదటి రెండుసార్లు నిఘంటువు లేకుండా, మూడోసారి ఎనిమిది మాటలకు మించకుండా వెతుకుతూ. ఆ తర్వాత పది పేజీలు ఆగకుండా సాగిపోండి. నిఘంటువు ఫ్రెంచ్-ఫ్రెంచ్‌దే వాడండి, రెండో సెమిస్టర్ నుంచైనా. ‘పెతి రొబేర్’ లైబ్రరీల్లో దొరుకుతుంది. ‘త్రెజోర్’ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం.

నవలలు చదివేటప్పుడు ఎదురయ్యే అడ్డంకి పాసె సెఁప్ల్, అంటే నోట వినబడని, పుస్తకాల్లోనే బతికే భూతకాలం. దాన్ని రాయడం నేర్చుకోనక్కర్లేదు, గుర్తుపట్టడం చాలు. అదీ ‘అతను, ఆమె, వాళ్ళు’ రూపాలు చాలు. రెండు వలలు తెలుసుకోండి. ‘ఫు’ చూసి భవిష్యత్తు అనుకుంటారు. అది ‘ఉండు’ క్రియకు భూతకాలం. ‘ఇల్ వీ’ అన్నది ‘అతను బతుకుతున్నాడు’ కావచ్చు, ‘అతను చూశాడు’ కావచ్చు, పక్క వాక్యం చూస్తే గానీ తేలదు. మొదటి నవలగా కామూ 1942 నాటి ‘లేత్రాఁజే’ను ఎక్కువమంది అధ్యాపకులు ఇచ్చేది ఊరికే కాదు. అందులో కథ దాదాపు అంతా పాసె కోఁపోజేలోనే నడుస్తుంది, వాక్యాలూ పొట్టివి.

6. రాత: డిగ్రీ నిలబడేదీ కూలేదీ ఇక్కడ

రెండు రూపాలు ముఖ్యం. ఒకటి ‘కొమాఁతేర్ కోఁపోజే’, ఇచ్చిన భాగాన్ని విశ్లేషించడం. రెండోది ‘దిసెర్తాసియోఁ’, ఇచ్చిన ప్రశ్న మీద వాదన.

కొమాఁతేర్‌లో మార్కులు తినేసేది ఒకే తప్పు, ఉన్నదాన్నే వేరే మాటల్లో మళ్ళీ చెప్పడం. ఉదాహరణకు ఈ రెండు వాక్యాలు: ‘ఎల్ ఫెర్మా లా ఫెనెత్ర్. దెయోర్, ఇల్ ప్లువే తూజూర్.’ ఆమె కిటికీ మూసింది, బయట వాన కురుస్తూనే ఉంది అని. ‘వాన వస్తోంది కాబట్టి ఆమె కిటికీ మూసింది, ఆమె దిగులుగా ఉంది’ అని రాస్తే సున్నాకు బదులు ఒకటి వస్తే గొప్ప. ఇలా చూడాలి. ‘ఫెర్మా’ పాసె సెఁప్ల్, ఒక్క కదలికలో అయిపోయిన పని. ‘ప్లువే’ ఎఁపార్ఫే, మొదలూ చివరా లేని వాన. ఆమె చేయగలిగింది చిన్నది, బయట సాగుతున్నది పెద్దది, ఆ తేడా క్రియల కాలంలోనే ఉంది. ‘తూజూర్’కు ‘ఇంకా’ అనీ ‘ఎప్పుడూ’ అనీ రెండర్థాలు. కిటికీ మూసినా వాన ఆగలేదన్న మాట కాస్తా, ఆమె జీవితంలో వాన ఎప్పుడూ ఆగదన్న మాటలోకి జారుతుంది. ఇంత చిన్నచోటును ఇంత దగ్గరగా చూడటమే కొమాఁతేర్.

వరస ఇది: భాగాన్ని నాలుగుసార్లు చదవండి. క్రియల కాలాలకు ఒక రంగు, ఇంద్రియాలకు (చూపు, వినికిడి, స్పర్శ) ఒక రంగు, మాట్లాడేది ఎవరన్నదానికి ఒక రంగు వేయండి. రంగులు గుమిగూడిన చోట్ల నుంచి రెండు మూడు ‘ఆక్స్’లు, అంటే చర్చా మార్గాలు తీయండి. పాఠం వరసలో లైను తర్వాత లైను వెళ్తే అది వేరే రూపం అవుతుంది, కోఁపోజే కాదు.

దిసెర్తాసియోఁకు ఒక ప్రశ్న తీసుకుందాం: ‘ప్రయాణం ప్రయాణికుణ్ణి మారుస్తుందా?’ మొదట మాటల్ని విప్పండి. ప్రయాణం అంటే విహారమా, తీర్థయాత్రా, ప్రవాసమా, దండయాత్రా? మారడం అంటే అభిప్రాయాలా, స్వభావమా? అక్కడి నుంచి ‘ప్రొబ్లెమాతిక్’ పుట్టాలి. ప్రశ్నను తిరగరాస్తే అది ప్రొబ్లెమాతిక్ కాదు. దాని లోపలి చిక్కును బయటికి లాగాలి: ‘మార్పు నడిచిన దారి వల్ల వస్తుందా, తిరిగొచ్చి చెప్పే కథ వల్ల వస్తుందా?’

మొదటి భాగం: ప్రయాణం అలవాట్లను కదిలిస్తుంది, మనవి సహజం అనుకున్నవి కేవలం మనవేనని చూపిస్తుంది. రెండో భాగం: అయినా మనిషి తనను తాను మోసుకుపోతాడు. ఫ్రెంచ్ రచయిత మోఁతెస్క్యో 1721లో అచ్చయిన ఉత్తరాల నవలలో ఉజ్బెక్ అనే పర్షియన్ పారిస్ లోపాలన్నీ పట్టేస్తాడు గానీ తన అంతఃపురంలోని స్త్రీల పట్ల నియంతగానే మిగులుతాడు. మూడో భాగం దగ్గరే చాలామంది ‘కొంత అవును, కొంత కాదు’ అని చేతులెత్తేస్తారు. అది సెఁతేజ్ (రెండు వాదాల సమన్వయం) కాదు. ప్రశ్నను ఒక మెట్టు పైకి ఎత్తాలి: మారింది ఉజ్బెక్ కాదు, అతని కళ్ళతో తమ ఊరిని చూసుకున్న ఫ్రెంచ్ పాఠకులు. అంటే ప్రయాణం ఇంట్లో కూర్చున్నవాణ్ణి మారుస్తుంది.

నాలుగు గంటల పరీక్షను ఇలా పంచుకోండి: ప్రశ్న విప్పడానికి 20 నిమిషాలు, ప్రణాళికకు 50, ఉపోద్ఘాతాన్నీ ముగింపునూ చిత్తుప్రతిలో పూర్తి వాక్యాల్లో రాయడానికి 20, అసలు రాతకు 130, తిరిగి చూసుకోవడానికి 20. ముగింపును ముందే ఎందుకు రాయాలంటే, చివరి పది నిమిషాల్లో చెయ్యి వణుకుతూ రాసిన ముగింపే దిద్దేవారు చివరగా చదివేది.

అనుసంధాన పదాల్లో రెండు తరచుగా తప్పుతాయి. ‘ఆఁనెఫే’ అంటే ‘నిజానికి’ కాదు, ముందు వాక్యానికి కారణం చెప్పబోతున్నాం అని సూచన. ‘ఓర్’ మన ‘అయితే ఇక్కడొక సంగతుంది’కి దగ్గర, వాదనను మలుపు తిప్పే కొత్త విషయం తెస్తుంది. ‘నేను అనుకుంటున్నాను’ అని రాయొద్దు. ‘ఓఁ’ (ఎవరైనా) గానీ ‘ను’ (మనం) గానీ వాడండి.

తిరిగి చూసుకునేటప్పుడు ఒక్కో విడత ఒక్కో తప్పు కోసమే చూడండి: క్రియల చివరలు, విశేషణాల లింగ వచనాలు, అక్షరాల మీది గుర్తులు. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. యంత్రానువాదంతో వ్యాసం రాయించుకుంటే పరీక్ష హాల్లో చేతికి ఏమీ మిగలదు. సొంతంగా రాసిన పేరాను యంత్రం రాసినదానితో పోల్చి తేడాలు వెతకడం మాత్రం మంచి సాధనే.

7. సంస్కృతిని విడి పేపర్‌గా చదవొద్దు

పది పన్నెండు తేదీలు గోడకు అంటించుకుని, చదివే ప్రతి రచననూ వాటి మధ్య ఎక్కడో పెట్టండి. 842, ఫ్రెంచ్‌కు పూర్వరూపమైన భాషలో మిగిలిన తొలి రాత, స్త్రాస్‌బూర్ ప్రమాణాలు. 1539, విలేర్-కొత్రే శాసనంతో న్యాయస్థానాల్లో లాటిన్ స్థానంలో ఫ్రెంచ్. 1635, ఫ్రెంచ్ భాషకు కాపలా కాసే సంస్థ అకదెమీ ఫ్రాఁసేజ్ స్థాపన. 1789, విప్లవం. 1848, వలసల్లో బానిసత్వ రద్దు. 1881-82, జ్యూల్ ఫెర్రీ ఉచిత, నిర్బంధ బడి చదువు చట్టాలు. 1905, మతానికీ ప్రభుత్వానికీ విడాకులు, ఇవాళ్టి ‘లాయిసితే’ (లౌకికత్వం) వాదాలన్నీ ఇక్కడికే వస్తాయి. 1944, స్త్రీలకు ఓటు హక్కు. 1954-62, అల్జీరియా యుద్ధం. 1968 మే, విద్యార్థుల, కార్మికుల తిరుగుబాటు.

ఫ్రెంచ్ అంటే పారిస్ ఒక్కటే అనుకుంటే సగం సిలబస్ చేజారినట్టే. మార్తినీక్‌కు చెందిన ఎమే సెజేర్, సెనెగల్‌కు చెందిన సాఁగోర్ తెచ్చిన ‘నెగ్రిత్యూద్’ (నల్లజాతి ఆత్మగౌరవ) ఉద్యమం చదవకుండా ఇరవయ్యో శతాబ్దపు కవిత్వం అర్థం కాదు. సాఁగోర్ సెనెగల్‌కు తొలి అధ్యక్షుడు. 1983లో అకదెమీకి ఎన్నికయ్యారు. అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ 2005లో ఎన్నికయ్యారు. 1977లో కెనడాలోని కెబెక్ రాష్ట్రం ఫ్రెంచ్‌కు చట్టం చేసింది ఎందుకో తెలిస్తే అక్కడి నవలల్లో భాష ఎందుకంత పట్టుదల విషయమో తెలుస్తుంది. బెల్జియంలో డెబ్బైకి ‘సెప్తాఁత్’, తొంభైకి ‘నొనాఁత్’ అంటారు. పారిస్ పద్ధతిలో తొంభై ‘నాలుగిరవైల పది’. ఎవరిది తర్కబద్ధమో మీరే చెప్పండి.

8. డెల్ఫ్ బి2

డెల్ఫ్ అంటే ఫ్రెంచ్ ప్రభుత్వం ఇచ్చే భాషా స్థాయి సర్టిఫికెట్. డిగ్రీ చేతిలో ఉన్నా దీన్ని తీసుకోవడం మంచిది. ఫ్రాన్స్‌లో లిసాఁస్‌కు చాలాచోట్ల బి2 అడుగుతారు, సాహిత్యానికి కొన్నిచోట్ల సి1. డెల్ఫ్‌కు గడువు లేదు, టీసీఎఫ్ అనే మరో స్థాయి పరీక్ష ఫలితానికి రెండేళ్ళే. పరీక్ష నాలుగు భాగాలు, ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. రాత భాగంలో గంటలో కనీసం 250 మాటలు. మౌఖికానికి 30 నిమిషాలు సిద్ధపడి 20 నిమిషాలు మాట్లాడాలి. ఇచ్చిన వ్యాసాన్ని సారాంశం చెప్పి ఊరుకుంటే మార్కులు రావు. అందులోంచి ఒక సమస్య తీసి, పక్షం తీసుకుని, సమర్థించాలి. ఆరో మెట్టు బాగా ఎక్కినవాళ్ళకు ఇది సులువే.

9. ఫ్రాన్స్‌లో ఒక సెమిస్టర్

బయల్దేరేముందు చదువు ఒప్పందంలో పేపర్ల పేర్లు, క్రెడిట్లు రాయించి రెండు యూనివర్సిటీల సంతకాలూ తీసుకోండి. అక్కడికెళ్ళాక రెండు పేపర్ల సమయాలు ఒకదాని మీదొకటి పడటం మామూలు. అందుకని రెండు మూడు పేపర్లు అదనంగా మాట్లాడి పెట్టుకోండి. మార్చిన ప్రతిసారీ కొత్త సంతకం తప్పనిసరి. లేకపోతే తిరిగొచ్చాక క్రెడిట్లు ఎక్కవు.

యూరప్ బయటి విద్యార్థులు దీర్ఘకాలిక విద్యార్థి వీసాను దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు. పాఠాలు రెండు రకాలు: పెద్ద హాల్లో ‘కూర్ మాజిస్త్రాల్’, చిన్న గుంపులో ‘తే-దే’. తే-దేలో హాజరు పడుతుంది, మార్కులూ అక్కడే పోగవుతాయి. మార్కులు 20కి వేస్తారు. 10 వస్తే ఉత్తీర్ణత, 12కు ‘ఫర్వాలేదు’, 14కు ‘బాగుంది’, 16కు ‘చాలా బాగుంది’. 11 చూసి ఏడవొద్దు, సాహిత్యంలో 15 దాటడమే అరుదు.

10. మెమ్వార్

‘ఫ్రెంచ్ నవలలో స్త్రీ’ అంటే మెమ్వార్ కాదు, జీవితకాలం. ఒక రచయిత్రి, రెండు నవలలు, వాటిలో వంటగది వర్ణనలు, అంత ఇరుకుగా ఉంటేనే నూరు పేజీలు నిండుతాయి. పాత పుస్తకాలకు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, పాత పత్రికల వ్యాసాలకు పెర్సే ఉచితంగా దొరుకుతాయి. ఎత్తిరాసిన ప్రతి వాక్యం పక్కన పేజీ సంఖ్య అదే రోజు రాసుకోండి. నెల తర్వాత వెతికితే దొరకదు. సూత్నాఁస్ (మెమ్వార్ మీద మౌఖిక పరీక్ష) రోజున జ్యూరీ అడిగేవి తరచుగా పేజీ సంఖ్యతోనే వస్తాయి కాబట్టి, వాళ్ళకు ఇచ్చిన ప్రతే, అవే పేజీ సంఖ్యలతో, అచ్చువేసి మీ ముందు పెట్టుకోండి.